ఈ పొట్లం, ఆ పొట్లం ఒకటేనా?

2003 ఏప్రిల్. ఆస్ట్రేలియా దక్షిణ తీరంలో లోర్న్ అనే చిన్న ఊరికి దగ్గర్లో, సముద్రం పోటు మీదున్న ఓ రాత్రి 'పాంగ్ సు' అనే సరుకు ఓడ ఒడ్డుకి మరీ దగ్గరగా వచ్చి నిలబడింది. ఓడ ఉత్తర కొరియా వాళ్లది. దాని మీద ఎగిరే జెండా మాత్రం తువాలు అనే బుల్లి ద్వీపదేశానిది. ఓడలోంచి ఓ రబ్బరు పడవ కిందికి దిగింది. అందులో ఇద్దరు మనుషులు, 150 కిలోల దాకా హెరాయిన్. అలల దెబ్బకి పడవ తిరగబడింది. ఇద్దరిలో ఒకడు మునిగి చనిపోయాడు. రెండోవాడు ఎలాగో ఒడ్డు చేరాడు. సరుకు అందుకోవడానికి ఒడ్డున కాచుకుని ఉన్నవాళ్ల వెనకాల పోలీసులు అప్పటికే ఉన్నారు. మర్నాడు 50 కిలోలతో దొరికిపోయారు. కొన్ని వారాల తర్వాత ఆ పరిసరాల్లోనే పాతిపెట్టిన మరో 75 కిలోలు బయటపడ్డాయి. మిగతాది సముద్రం పాలైందనే అనుకున్నారు.

ఓడ మటుకు పరుగు లంకించుకుంది. నాలుగు రోజులు తరిమి, ఏప్రిల్ 20న ఆస్ట్రేలియా కమాండోలు దాన్ని పట్టుకున్నారు.

ఇంతవరకూ సినిమా. అసలు కథ ఇక్కణ్నుంచి మొదలవుతుంది. కోర్టులో ప్రాసిక్యూషన్ వారికి ఎదురయ్యే ప్రశ్నలు చూడండి. కారులో దొరికిన 50 కిలోలూ మట్టిలో దొరికిన 75 కిలోలూ ఒకే సరుకా? ఒకటే అయితే అది ఎక్కడ తయారైంది? ఈ సంగతి మనుషులు చెప్పరు, చెప్పినా నమ్మలేం. చెప్పాల్సింది పొడే.

పొడి చేత మాట్లాడించడం ఎలా?

మామూలుగా మాదకద్రవ్యం పట్టుబడగానే చేసేది రంగు పరీక్ష. చిటికెడు పొడి మీద రెండు చుక్కలు వేస్తారు. మార్క్విస్ ద్రావకం హెరాయిన్ తగిలితే ఊదారంగుకి తిరుగుతుంది. కోబాల్ట్ థయోసయనేట్ కొకైన్ తగిలితే నీలమవుతుంది. రోడ్డు పక్కన నిలబడి రెండు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. చిక్కేమిటంటే ఆ రంగు రప్పించగల పదార్థాలు ఇంకా బోలెడున్నాయి. అమెరికాలోని ఓర్లాండోలో 2015 డిసెంబరులో ఓ అరవై నాలుగేళ్ల పెద్దాయన కారు ఆపిన పోలీసులకి కింద తెల్లటి పలుకులు కనిపించాయి. కిట్‌లో వేసి చూస్తే మెథాంఫెటమిన్ అని వచ్చింది. 'అయ్యా, అది నేను తిన్న డోనట్ మీది చక్కెర పూత' అని ఆయన నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు. తీసుకెళ్లి లోపల వేశారు. కొన్ని వారాలకి ల్యాబ్ నుంచి రిపోర్టు వచ్చింది, అది చక్కెరేనని. 2017లో నగరపాలక సంస్థ ఆయనకి 37,500 డాలర్లు చెల్లించుకుంది. అందుకే రంగు పరీక్షని అనుమానం వరకే వాడాలంటారు. శిక్ష వేయడానికి అది చాలదు.

తర్వాతి మెట్టు ప్రయోగశాల. అక్కడ ఎక్కువగా వాడే యంత్రం పేరు గ్యాస్ క్రొమటోగ్రాఫ్, దానికి జోడుగా మాస్ స్పెక్ట్రోమీటర్. మొదటిది ఓ పొడవాటి సన్నని గొట్టం. సాధారణంగా ముప్ఫై మీటర్లు ఉంటుంది, చుట్టలు చుట్టి చిన్న ఓవెన్‌లో పెడతారు. లోపలి బెజ్జం పావు మిల్లీమీటరు. పొడిని కరిగించి, ఆవిరి చేసి ఆ గొట్టంలోకి పంపితే అందులోని పదార్థాలు ఒక్కొక్కటీ ఒక్కో వేగంతో నడుస్తాయి. తిరునాళ్లకి కలిసి బయల్దేరిన ఊరివాళ్లు ఎవరి నడకని బట్టి వాళ్లు వేర్వేరు వేళల్లో చేరినట్టు! అలా వచ్చినవాటిని రెండో యంత్రం ముక్కలు చేసి, ఆ ముక్కల బరువులు చూసి ఇది ఫలానా అని గుర్తిస్తుంది.

ఇది 'ఏమిటి' అన్న ప్రశ్నకి జవాబు. 'ఒకటేనా' అన్నది వేరే ప్రశ్న. రెండు పొట్లాల్లోనూ హెరాయిన్ ఉన్నంత మాత్రాన రెండూ ఒకచోటివి అయిపోవు. రెండిళ్లలో ఆవకాయ ఉన్నంత మాత్రాన ఒకే జాడీలోది కానట్టే.

ఆవకాయ అన్నాం కాబట్టి ఆ దారినే వెళ్దాం. అందరిళ్లలోనూ వేసేవి అవే... మామిడి ముక్కలు, ఆవపిండి, కారం, ఉప్పు, నూనె. అయినా ఒక చెయ్యి చేసిన రుచి ఇంకో చేతికి రాదు. కొలతల్లో ఉంటుంది కిటుకంతా. హెరాయిన్ కూడా అంతే. మన పోపులపెట్టెలో గసగసాలు ఉంటాయే, ఆ మొక్క పచ్చికాయకి గాటు పెడితే కారే పాలే నల్లమందు. అందులో మార్ఫిన్‌తో పాటు కోడీన్, థెబైన్, పాపావరిన్, నోస్కాపిన్ అనేవి పుట్టుకతోనే ఉంటాయి. దొంగచాటు బట్టీల్లో నల్లమందు నుంచి మార్ఫిన్ తీసి దాన్ని హెరాయిన్‌గా మారుస్తారు. తీయడం ఎప్పుడూ శుభ్రంగా జరగదు. వెనకబడిపోయిన కోడీన్ కాస్తా ఎసిటైల్‌కోడీన్ అవుతుంది. మిగతావి కొన్ని అలాగే ఉండిపోతాయి, కొన్ని కొత్తవి పుడతాయి. బట్టీవాడి చేతి వాటం, వాడిన నల్లమందు, ఎంత ఓపిగ్గా వడకట్టాడు... అన్నీ ఆ మలినాల్లో అచ్చుగుద్దినట్టు ఉండిపోతాయి. అఫ్గానిస్థాన్ వైపు నుంచి వచ్చే సరుకులో నోస్కాపిన్, పాపావరిన్ తరచుగా ఎక్కువ. బర్మా వైపు తెల్ల సరుకులో తక్కువ.

మరి చేతులు మారేకొద్దీ కల్తీ చేస్తారు కదా, ఆ లెక్కలన్నీ తారుమారు అయిపోవా అని మీకు అనుమానం రావచ్చు. నిజమే, పారసెటమాల్, కెఫీన్ లాంటివి దండిగా కలుపుతారు. పెద్ద వ్యాపారి దగ్గర సగం హెరాయిన్ ఉన్న పొడి వీధి చివర కుర్రాడి దగ్గరికి వచ్చేసరికి అందులో పదో వంతు కూడా ఉండకపోవచ్చు. కానీ అన్నంలో ఆవకాయ కలిపాక, అది రెండు ముద్దల అన్నమైనా పది ముద్దల అన్నమైనా, అందులో ఆవపిండికీ కారానికీ మధ్య నిష్పత్తి మారదు. హెరాయిన్‌కీ ఎసిటైల్‌కోడీన్‌కీ మధ్య నిష్పత్తీ అంతే. రసాయన శాస్త్రజ్ఞులు పట్టుకునేది ఆ నిష్పత్తుల్ని. కల్తీ పదార్థాలు దారి మధ్యలో ఎవరి చేతులు మారిందో చెబుతాయి, మలినాలు పుట్టిల్లు చెబుతాయి.

అలాగని అంతా సాఫీగా ఉంటుందనుకోకండి. తేమ తగిలితే హెరాయిన్ నిలవ ఉన్నచోటే మెల్లగా విరిగిపోతుంది. ఒకే రోజు ఒకే మూటలోంచి తీసిన రెండు పొట్లాల్లో ఒకటి పొడి గదిలో, ఇంకోటి చెమ్మ గోడ పక్కన ఉంటే ఆరు నెలలకి రెండూ వేరుగా కనిపిస్తాయి. పాంగ్ సు సరుకు సంగతే చూడండి, కొంత కారెక్కింది, కొంత మట్టిలో పడుకుంది. అందుకని పరీక్ష చేసేవాళ్లు విరిగిన ముక్కల్ని కూడా లెక్కలో కలుపుకుని మొదట ఎంత ఉండేదో వెనక్కి లెక్కగడతారు.

అమెరికా మాదకద్రవ్యాల శాఖ డీఈఏ 1977 నుంచీ ఇలా హెరాయిన్ నమూనాల 'సంతకాలు' పోగుచేస్తోంది. దాని లెక్కలో లోకంలోని హెరాయిన్‌కి ప్రధానంగా నాలుగు పుట్టిళ్లు... నైరుతి ఆసియా, ఆగ్నేయాసియా, మెక్సికో, దక్షిణ అమెరికా. పాంగ్ సు సరుకు సంతకాన్ని వాటితో పోల్చి చూశారు. ఏ గూట్లోనూ ఇమడలేదు.

అప్పుడు ఐసోటోపుల దగ్గరికి వెళ్లారు. కార్బన్ పరమాణువుల్లో నూటికి తొంభై ఎనిమిది పైచిలుకు ఒక బరువు, మిగతా ఒక శాతం చిల్లర కాస్త ఎక్కువ బరువు. మొక్క గాలి పీల్చి ఒళ్లు పెంచుకునేటప్పుడు ఈ రెంటినీ ఏ పాళ్లలో తీసుకుంటుందనేది అక్కడి వానలు, తేమ, ఎండని బట్టి రవ్వంత మారుతుంది. నైట్రోజన్ అయితే నేలని బట్టి. ఆ రవ్వంతనే కొలిచే యంత్రాలున్నాయి. 2000లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం, డీఈఏ శాస్త్రజ్ఞులు కలిసి 200 కొకైన్ నమూనాలను ఇలా పరీక్షించి, వాటిలో 96 శాతం కోకా ఆకు దక్షిణ అమెరికాలో ఏ ప్రాంతంలో పండిందో సరిగ్గా చెప్పగలిగారు. హెరాయిన్ విషయంలో ఒక మెలిక ఉంది. అందులో కొంత కార్బన్ మొక్కది కాదు, బట్టీలో కలిపిన రసాయనానిది. అందుకని ఆ భాగాన్ని విడగొట్టి మళ్లీ మార్ఫిన్ చేసి కూడా కొలుస్తారు. అప్పుడు మిగిలేది పొలం గుర్తు.

పాంగ్ సు హెరాయిన్ మీద ఈ పరీక్షల ఫలితాలు 2006లో ఫోరెన్సిక్ సైన్స్ పత్రికలో అచ్చయ్యాయి. తెలిసిన నాలుగు పుట్టిళ్ల సరుకుతోనూ అది కలవలేదని తేలింది. ఓడ ఉత్తర కొరియాది కాబట్టి సరుకూ అక్కడిదే అనేయాలని ఎవరికైనా నాలుక చివరిదాకా వస్తుంది. కానీ నాలుగూ కాదన్నంత మాత్రాన ఐదోది ఫలానా అని అనడానికి లేదు. ఫలానా దేశపు అసలు నమూనా చేతిలో పెట్టుకుని పోల్చితే తప్ప ఆ మాట అనకూడదు. శాస్త్రజ్ఞులు అక్కడే ఆగారు. నాకు ఈ కేసులో నచ్చిన సంగతి ఇదే.

ఆ మార్చిలోనే తీర్పు కూడా వచ్చింది. ఒడ్డున దొరికినవాళ్లకి దీర్ఘకాలపు శిక్షలు పడ్డాయి. ఓడ కెప్టెన్‌నీ మరో ముగ్గురినీ మాత్రం జ్యూరీ నిర్దోషులుగా వదిలేసింది. సరుకు తమ ఓడలో ఉందని వాళ్లకి తెలుసా లేదా అన్నది అక్కడి ప్రశ్న. దానికి ఏ యంత్రమూ జవాబు చెప్పలేదు మరి. మనుషుల్ని వదిలేశారు గానీ ఓడని వదల్లేదు. అదే నెల 23న నడి సముద్రంలోకి లాక్కెళ్లి, వైమానిక దళం బాంబు వేసి ముంచేసింది.

పోలిక కుదిరింది అనగానే సంబరపడిపోవడం ఎంత ప్రమాదమో అమెరికా ఎఫ్‌బీఐకి ఇంకో దారిలో తెలిసొచ్చింది. హత్యాస్థలంలో దొరికిన తూటా సీసాన్నీ నిందితుడి ఇంట్లోని తూటాల సీసాన్నీ రసాయనికంగా పోల్చి, రెండూ ఒకే డబ్బాలోవి కావచ్చని ఏళ్ల తరబడి కోర్టుల్లో చెబుతూ వచ్చారు. 2004లో అక్కడి నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ లెక్కలు తీసింది. ఒకసారి కరిగించిన సీసం నుంచి 12 వేల తూటాలు రావచ్చు, మూడున్నర కోట్లు కూడా రావచ్చట! అంటే ఆ 'ఒకే సీసం' తూటాలు జిల్లాలో సగం ఇళ్లలో ఉండొచ్చు. మర్నాటి ఏడాదికల్లా ఎఫ్‌బీఐ ఆ పరీక్ష మానేసింది. హెరాయిన్‌కీ ఇదే వర్తిస్తుంది. ఒక బట్టీ సరుకే నగరమంతా పారుతుంటే ఇద్దరి దగ్గర ఒకే సంతకం దొరకడం వింత కాదు. వాళ్లిద్దరికీ ముఖపరిచయం కూడా లేకపోవచ్చు. పోలిన సంగతితో పాటు, సంబంధం లేని పొట్లాలు ఎంత తరచుగా పోలతాయో కూడా నిపుణుడు చెప్పాలి. చెప్పకపోతే డిఫెన్స్ లాయరు అడగాలి.

ఇదంతా పరీక్ష నిజంగా చేస్తే కదా! మసాచుసెట్స్ రాష్ట్రంలో అనీ డూకన్ అనే కెమిస్టు ఉండేది. 2003లో ప్రభుత్వ ల్యాబులో చేరింది. తోటివాళ్ల కంటే కొన్ని రెట్లు ఎక్కువ నమూనాలు తేల్చేసేది. పై అధికారులు మురిసిపోయారు. తీరా చూస్తే చాలా వాటిని కంటితో చూసి రాసేసేదట. కొన్నిసార్లు మాదకద్రవ్యం లేని నమూనాలో అది కలిపేదట కూడా. 2012లో అరెస్టయింది, 2013లో నేరం ఒప్పుకుంది, మూడు నుంచి ఐదేళ్ల శిక్ష పడింది. ఆమె సంతకం పెట్టిన కేసుల్లో 21 వేలకు పైగా 2017లో కొట్టేయాల్సి వచ్చింది. వాటిలో నిజంగా అమ్మినవాళ్లూ ఉంటారు, ఏ పాపం తెలియనివాళ్లూ ఉంటారు. ఎవరెవరో ఇక ఎప్పటికీ తేలదు. ఆమె బాగోతం బయటపడక ముందే 2009లో అదే రాష్ట్రం నుంచి వచ్చిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఓ మాట చెప్పింది. ల్యాబ్ కాగితం ఒక్కటే చాలదు, పరీక్ష చేసిన మనిషిని బోనెక్కించి ప్రశ్నించే హక్కు నిందితుడికి ఉందని.

మన దగ్గర? ప్రభుత్వ నిపుణుడి రిపోర్టు ఆయన రాకుండానే సాక్ష్యంగా చెల్లుతుంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 293వ సెక్షను. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 329. పిలిపించమని కోర్టుని అడగొచ్చు, పిలిపించడం కోర్టు ఇష్టం.

ఇక్కడ శిక్ష అంతా బరువు మీద నడుస్తుంది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద హెరాయిన్ 5 గ్రాముల వరకు చిన్న మొత్తం, 250 గ్రాములు దాటితే వాణిజ్య మొత్తం. గంజాయికి కిలో, 20 కిలోలు. వాణిజ్య మొత్తమైతే పదేళ్లకి తక్కువ కాని జైలు, బెయిలు గగనకుసుమం. మరి కల్తీ పొడిలో ఏది తూచాలి? 2008లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన ఒక కేసులో పట్టుబడింది 4 కిలోల పైచిలుకు పొడి, అందులో అసలు హెరాయిన్ 60 గ్రాములే. అసలు సరుకునే లెక్కించాలని చెప్పి కోర్టు శిక్ష తగ్గించింది. 2020 ఏప్రిల్‌లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం హీరా సింగ్ కేసులో దాన్ని తిరగేసింది. కలిపిన పిండితో సహా మొత్తం బరువే లెక్క అంది. ఇప్పుడు అదే చట్టం. నా మటుకు నాకు ఇది పూర్తిగా మింగుడుపడదు. ఒకే 60 గ్రాముల్ని పిండి కలపకుండా అమ్మినవాడికి తక్కువ, కలిపి అమ్మినవాడికి ఎక్కువ. అయితే ఎక్కువ మందికి చేరేది కలిపిన సరుకే కదా అంటారు అటువైపు వాళ్లు. అందులోనూ నిజం ఉంది.

గంజాయి కేసులు మనకి మరీ దగ్గరివి. ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల నుంచి మూటలు దిగడం, చెక్‌పోస్టుల దగ్గర దొరకడం వారం వారం పేపర్లో చూసేదే. చట్టం ప్రకారం గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. ఆ కొసలు లేకుండా ఒట్టి ఆకులు, గింజలు ఉంటే అవి గంజాయి కిందికి రావు. మూటలో కాడలు, ఆకులు, కొసలు ఎంతెంత ఉన్నాయో పంచనామాలో రాయకుండా '22 కిలోలు' అని ఊరుకుంటే, 20 కిలోల గీత దగ్గర ఆ రెండు కిలోలే మనిషి జీవితాన్ని తేలుస్తాయి. ఇక పోల్చడానికి గంజాయి మొండి సరుకు. మత్తునిచ్చే టీహెచ్‌సీ నిలవ ఉన్నకొద్దీ సీబీఎన్ అనే ఇంకో పదార్థంగా మారిపోతుంది. మాల్‌ఖానాలో రెండు వేసవులు గడిపిన మూటని నిన్న పట్టుకున్న మూటతో పోల్చి ఒకటే, కాదు అనడం ధైర్యం గల పని.

తెలంగాణలో కల్లు సంగతి వేరు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కల్లులో ఆల్ప్రాజోలం కలిసినట్టు పరీక్షల్లో తేలింది. ఉందని తెలిశాక దుకాణదారు దొరుకుతాడు. అతనికి సరఫరా చేసిన ఫ్యాక్టరీ దొరకాలంటే కల్లులోని మందు మలినాలనీ, ఎక్కడో షెడ్డులో దొరికిన పొడి మలినాలనీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఆవకాయ లెక్క నిజంగా అక్కరకొచ్చే చోటు ఇది.

వీటన్నిటికీ మొదలు నమూనా. ఏ సంచిలోంచి తీశారు, ఎవరి ఎదుట తీశారు, సీలు ఎవరిది? 2016లో మోహన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు, పట్టుకున్న సరుకు నుంచి నమూనాలు మేజిస్ట్రేటు ఎదుట తీయాలని, అందుకు జాప్యం లేకుండా దరఖాస్తు పెట్టాలని చెప్పింది. 2022 డిసెంబరులో కేంద్రం దీనికి నిబంధనలు తెచ్చింది. ఒక్కో నమూనా 5 గ్రాములు. నల్లమందు, గంజాయి, చరస్ అయితే 24 గ్రాములు. రెండేసి తీయాలి. అయితే 2024 డిసెంబరులో అదే కోర్టు, ఈ పద్ధతిలో ఆలస్యమో లోపమో ఉందన్న ఒక్క కారణంతో బెయిలు ఇవ్వనక్కర్లేదని కూడా అంది.

రెండో నమూనా ఎందుకంటే, మొదటి రిపోర్టు మీద అనుమానం వస్తే తిరిగి పరీక్షించడానికి. అది అడిగిన వెంటనే దొరికేది కాదు. చాలా అరుదైన పరిస్థితుల్లో, బలమైన కారణం చూపిస్తేనే ఒప్పుకోవాలని 2013లో థానా సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రిపోర్టు అందిన 15 రోజుల్లోగా దరఖాస్తు పెట్టాలి. ఆ తర్వాత వినరు. కాబట్టి రిపోర్టు కాపీ తీసుకునేటప్పుడు, ఏ తేదీన అందిందో దాని మీదే రాయించుకోవాలి.